కడిగి బోర్లించిన కాగితం గ్లాసు

హోటలు పనిలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు. విదేశీ కంపెనీ వాళ్ల వేయించిన కోడిని, బన్ను మధ్యన పెట్టిన కోడిని బళ్లారి జనం చేత ఎట్లా తినిపించారు సార్ అని. ఏదో పెద్ద ఉపాయం చెబుతానని ఎదురుచూస్తారు. కారం పెంచాం, తీపి తగ్గించాం, అంతేనయ్యా అంటాను. వాళ్లు తల ఊపి వెళ్లిపోతారు.

అది అబద్ధం కాదు. కాకపోతే ఆ అంగడి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది కారం కాదు. చేతులు కడుక్కునే కొళాయి పక్కన బోర్లించి ఉన్న ఒక కాగితం గ్లాసు. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నాక అది మరీ ఎక్కువగా కళ్లముందుకు వస్తోంది. అందుకని ఈసారి దాని సంగతే చెబుతాను. ఇందులో నన్ను మెచ్చుకోవలసింది ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను అనొద్దు.

బెంగళూరు హోటళ్లలో చాలాకాలం చాకిరీ చేసి, టై కట్టుకోవడం, కోపం వచ్చినా పళ్లు కనిపించేలా నవ్వడం నేర్చుకున్నాక సొంత ఊరికి మేనేజరుగా వచ్చాను. జీన్సు ప్యాంట్లు కుట్టించి సంపాదించిన ఒక పెద్దమనిషి ఆ విదేశీ కంపెనీ పేరు తెచ్చుకుని అంగడి పెట్టాడు. మా వైపు యజమానిని ధణి అంటారు కాబట్టి నేనూ ధణి అనే అంటాను. పేరు పర్మినెంటుగా ఇవ్వకుండా కంపెనీ కొన్నాళ్లు పరీక్ష పెట్టింది. వాళ్ల పద్ధతులన్నీ ఈ ఊళ్లో నిలబడతాయని తేలితేనే బోర్డు ఉంటుంది, లేకపోతే దించేసి పోతారు. బోర్డు దిగితే ధణికి ప్యాంట్ల ఫ్యాక్టరీ ఉంది. నాకూ, నన్ను నమ్మి చేరిన కుర్రాళ్లకూ, ఆడపిల్లలకూ ఏమీ లేదు. ఆ వయసులో నన్ను కొత్తగా ఎవరు పెట్టుకుంటారు?

పద్ధతులు నేర్పడానికి బెంగళూరు నుంచి ఒక ట్రైనర్ అమ్మాయి వచ్చేది. మా అమ్మాయి ఈడుది. మంచి పిల్ల, పనిలో మాత్రం చండశాసనురాలు. మొదటి నెలలు ఆ పిల్లతోనూ, ఊరితోనూ చెరోవైపు పోరాడటంతోనే సరిపోయింది. బన్నులో పూసే తెల్లటి సాస్ చూసి ఒక పెద్దాయన, ఇది పెరుగా, వెన్నా, ఏదో ఒకటి చెప్పప్పా అని నిలదీశాడు. చాలామంది బన్ను విప్పి, కోడిముక్క తినేసి, బన్నును పిల్లల కోసమని జేబు రుమాల్లో చుట్టుకుని పోయేవారు. ఇంటి నుంచి పొట్లంలో శెనగపొడి తెచ్చుకుని చల్లుకున్న వాళ్లూ ఉన్నారు. మా వంట మాస్టరు మా ఊళ్లోని కౌల్‌బజారు మనిషి. కంపెనీ కారం నాలుక మీద వేసుకుని, ఇది పిల్లలకు జలుబు చేస్తే పెట్టేది సాబ్, అన్నాడు. బ్యాడిగి మిరపపొడి, వెల్లుల్లి కలిపి ఆయన నూరిన ముద్దకు బెంగళూరు నుంచి అనుమతి తెచ్చుకోవడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. అది వచ్చాక అమ్మకం ఒక్కసారిగా లేచింది. శ్రావణంలో పడిపోయింది, మళ్లీ లేచింది.

తిండి సంగతి అట్లా కుదిరింది. కుదరనిది ట్రే.

కంపెనీ పద్ధతి మీకు తెలిసిందే. డబ్బు ముందే కట్టాలి, తిండి మనమే మోసుకుని పోయి కూర్చోవాలి, తిన్నాక ట్రే ఎత్తి, ఎంగిలి కాగితాలూ ఎముకలూ డబ్బాలో దులిపి, ట్రేని దాని మీద పెట్టి పోవాలి. పెద్ద ఊళ్లలో చదువుకున్న వాళ్లకు అది ఫ్యాషను. బళ్లారిలో ఎవరి చేత చేయించగలం? మన ఇళ్లలో చుట్టం తన ఇస్తరాకు తానే తీసుకుంటే ఇంటివాళ్లకు తలవంపులు. హోటల్లో అయితే తిని లేచామంటే చెయ్యి కడుక్కోవడం వరకే మన పని, వెనకాల ఎంగిలి ఇంకెవరో చూసుకుంటారు. ఆ ఇంకెవరో ఎవరన్నది మన దేశంలో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు.

గోడ మీద బొమ్మతో సహా బోర్డు పెట్టాం. జనం ఆ బొమ్మ కిందే కూర్చుని తిని, ట్రే వదిలేసి పోయేవారు. ఒకాయన నన్ను పిలిచి మరీ అడిగాడు.

“దుడ్డు నేనే కట్టల్ల, మోసుకోని నేనే రావల్ల, ఎంగిలి గూడ నేనే ఎత్తల్లంటే ఇంగ మీరు జేసేదేందప్పా?”

నేర్చుకున్న ప్రకారం పళ్లు కనిపించేలా నవ్వాను. ట్రైనర్ లేనప్పుడు మా పిల్లలు గబగబా ట్రేలు ఎత్తేసేవారు. ఆమె ఉన్నప్పుడు జనాన్ని బతిమాలేవారు. ఆమెకు ఇది తెలియకుండా పోతుందా? చివరి రిపోర్టు రాసే ముందు ఒక ఆదివారం పొద్దున్నుంచి వచ్చి కూర్చుంటాననీ, జనం తమంతట తాము ట్రే ఎత్తడం తన కళ్లతో చూడాలనీ చెప్పింది.

ఇక్కడ మా పెద్దనాయన సంగతి చెప్పాలి.

మాది పాత మిషను సంఘం. నా చిన్నప్పుడే మా నాన్న పోతే ఆయన అన్న, అంటే మా పెద్దనాయన, నన్ను మిషను బోర్డింగులో వేసి చదివించాడు. పడుచుతనంలో కంప్లి దగ్గరి ఎమ్మిగనూరు పక్క వరినాట్లకు, చెరకు కొట్టడానికి కూలికి తిరిగినవాడు. తర్వాత కుడతిని థర్మల్ ప్లాంటులో బూడిద ఎత్తే కాంట్రాక్టులో చేరి అక్కడే ముసలివాడయ్యాడు. మా గుడిలో, అంటే చర్చిలో, ఆయన సంఘపెద్ద. తక్కువ మాట్లాడతాడు. ఎప్పుడూ ఉతికిన తెల్లచొక్కా.

ఆయన హోటల్లో తినడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను బోర్డింగులో దించడానికి వచ్చినప్పుడు నాకు ఇడ్లీ తినిపించి, తాను బయట నిలబడేవాడు. పిసినారితనమని కొందరు, భక్తి అని కొందరు అనేవారు. నేను రెండూ కలిపి అనుకున్నాను. మేనేజరునయ్యాక మాత్రం నాకు ఒక పట్టుదల పట్టుకుంది. నేను నడిపే చోట, చల్లటి ఏసీ గదిలో, మెత్తటి సీటు మీద ఆయన కూర్చుని తినాలి. ఎన్నిసార్లు పిలిచినా, “నాకు ఇంట్లో బువ్వ ఉండాది లేప్పా,” అనేవాడు. చివరికి అలిగాను. పెంచినందుకు ఈపాటి ముచ్చట తీర్చవా అని పెద్దమ్మ ముందు నిష్ఠూరమాడాను. సరే, గుడి అయినంక వస్తా అన్నాడు. వచ్చింది ఆ ఆదివారమే.

పక్క టేబులు దగ్గర అప్పటికే కంప్లి వైపు ఒక పెద్ద చెరకు ఆసామి, ధణికి దగ్గర చుట్టం, ఇంటిల్లిపాదితో వచ్చి తింటున్నాడు. ట్రైనర్ మూలన కూర్చుని చూస్తోంది. నేను పెద్దనాయనను సీట్లో కూర్చోబెట్టి, కోడి, బన్ను, కాగితం గ్లాసులో కూల్‌డ్రింకు నేనే తెచ్చిపెట్టాను. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, మెల్లగా, ఒక్క తునక కింద పడకుండా తిన్నాడు. బాగుండాదప్పా అన్నాడు. నా ముచ్చట తీరింది.

అంతలో ఆసామి కుటుంబం లేచింది. ట్రేలు ఎక్కడివక్కడే. ఆసామి బోర్డు వైపు చూసి, నా వైపు చూశాడు. ధణి చుట్టం. ఆయన ముఖం మీద ట్రే ఎత్తండి అనే ధైర్యం నాకెక్కడిది? ట్రైనర్ ఆ క్షణంలో ఫోనులో మాట్లాడుతూ బయటికి వెళ్లింది. ఉండనీండి సార్, మేము చూసుకుంటాం అని నేనే వంగి, ఆ ఎంగిలి ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, టై ఊగుతుండగా మోసుకుపోయి దులిపి వచ్చాను. పెద్దనాయన చూస్తూనే ఉన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి ట్రైనర్ మళ్లీ లోపల ఉంది. పొద్దున్నుంచి ఒక్కరంటే ఒక్కరు ట్రే ఎత్తలేదని ఆమె మొహమే చెబుతోంది. పెద్దనాయన చేతులు దులుపుకుని లేచాడు. ఆ గదిలో నేను చెబితే కాదనకుండా చేసే మనిషి ఆయన ఒక్కడే. ఆలోచించి చేశానా అంటే, లేదు. ఆలోచించకుండానే ఆయన్ని ఎంచుకోవడమే నాకు ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోయే సంగతి.

“పెద్దనాయనా, ఆ ట్రే ఎత్తుకోని పోయి ఆ డబ్బాలో దులుపు. ఈడ అట్లనే రూలు,” అన్నాను. ట్రైనర్‌కు వినపడేట్టు, కొంచెం గట్టిగానే.

ఆయన ఆసామి కూర్చున్న ఖాళీ టేబులు వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

“సరేప్పా,” అన్నాడు.

ట్రే ఎత్తాడు. ఎముకలు, కాగితాలు డబ్బాలో వేశాడు. గ్లాసు మాత్రం వెయ్యలేదు. దాన్ని పట్టుకుని కొళాయి దగ్గరికి పోయి, లోపలా బయటా శుభ్రంగా కడిగి, పక్కన గట్టు మీద బోర్లించాడు. ఎవరికీ తగలకుండా, గట్టు చివరకు జరిపి పెట్టాడు. ట్రైనర్ అమ్మాయి ముచ్చటపడిపోయి ట్రే ఎత్తినప్పుడూ, గ్లాసు కడిగినప్పుడూ ఫొటోలు తీసింది.

అప్పుడు నాకు సిగ్గేసింది. అయితే ఆ సిగ్గు వేరే. కాగితం గ్లాసు కడగకూడదని కూడా తెలియని పల్లెటూరి మనిషిని తెచ్చుకున్నానే అని. ఆమెతో నవ్వుతూ, పాతకాలపాయన, ఏదీ పారెయ్యడు మేడమ్ అన్నాను. మా పెద్దనాయన అని చెప్పలేదు. చూశారా, అంత దూరం పోయాను. ఆయన నా దగ్గర సెలవు తీసుకుని, బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. ధణి మైసూరుపాకు పంచాడు. నేను ఒక పెట్టె పట్టుకుని పెద్దనాయన ఇంటికి పోయాను. ఆయన గుడి పని మీద బయటికి వెళ్లాడు. పెద్దమ్మ ఒక్కతే ఉంది. నేను నవ్వులాటగా కాగితం గ్లాసు కథ చెప్పాను. పెద్దమ్మ నవ్వలేదు. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

“ఎమ్మిగనూరు పక్క కూలికి పోయే కాలంలో టీ అంగడి సూరు కింద మనోళ్ల గ్లాసులు వేరే ఉండె నాయనా,” అంది. “తాగినంక మనమే కడిగి, గట్టు కొసకు బోర్లించి పోవల్ల. పెండ్లిండ్లలో బువ్వ బెడితే మన ఆకు మనమే ఎత్తుకోని పోవల్ల, మిగతా వాళ్ల ఆకులు గూడ మనమే ఎత్తల్ల. ఒగనాడు మీ పెద్దనాయన ఆ గ్లాసు ఆడనే నేలకేసి కొట్టి వచ్చె. ఆపొద్దు నుంచి హోటలు మెట్టు ఎక్కలా. నువ్వు అలిగితివని వచ్చినాడు.”

నేనిచ్చిన పెట్టె తీసుకోలేదు, మీ పెద్దనాయన తీపి తినడు గదా అంది. నేను ఆ పెట్టె తిరిగి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఆసామి ట్రే నేను ఎత్తుతుంటే ఆయన కూర్చుని చూసిన చూపు అప్పుడు అర్థమైంది. పెంచి పెద్ద చేసినవాడికి, ఒక పెద్దకులపాయన ఎంగిలి ఎత్తి చూపించి, నీది నువ్వు ఎత్తుకో అని చెప్పాను. చెప్పింది వేరే ఎవరో అయితే ఆయన ఆ గ్లాసు కూడా నేలకేసి కొట్టేవాడేమో. చెప్పింది నేను గనక కడిగి బోర్లించాడు.

సిగ్గుతో చచ్చిపోయానని అంటారు కదా, చావరు. నెల తిరక్కుండా బెంగళూరులో కంపెనీ మీటింగుకు టై కట్టుకుని పోయాను. చిన్న ఊళ్లలో తమ పద్ధతి ఎట్లా నిలబడిందో తెర మీద చూపిస్తూ ఉన్నట్టుండి ఆ ఫొటో వేశారు. తెల్లచొక్కాలో మా పెద్దనాయన, చేతుల్లో ట్రే. కొత్త అలవాటు నేర్చుకున్న కస్టమర్ అని కింద ఇంగ్లీషులో రాసి ఉంది. హాలంతా చప్పట్లు కొట్టింది. కొత్త అలవాటా? ఆయన ఒకప్పుడు నేలకేసి కొట్టి వచ్చిన అలవాటును మేము మళ్లీ చేయించాం. లేచి ఆ మాట చెప్పాల్సింది. ఆయన మా పెద్దనాయన అనైనా చెప్పాల్సింది. పక్కవాళ్లు చూస్తున్నారని నేనూ చప్పట్లు కొట్టాను.

టీ సమయంలో ట్రైనర్ అమ్మాయిని పక్కకు పిలిచి ఆ ఫొటో తీసేయమన్నాను. ఎందుకు సార్, అంత బాగుంది కదా అంది. ఆయనకు ఫొటోలంటే సిగ్గు అన్నాను. మంచి పిల్ల, ఇంకేమీ అడగకుండా తీసేసింది. సిగ్గు ఎవరిదో ఆమెకు చెప్పలేకపోయాను.

మిగతా కథ చెబితే మీకు నవ్వొస్తుంది. బోర్డు పర్మినెంటు అయ్యాక కూడా బళ్లారి జనం ట్రే ఎత్తలేదు. బొమ్మలు పెట్టాం, పాటలు పెట్టాం, ఎత్తినవాళ్లకు చాక్లెట్ ఇస్తామన్నాం. చాక్లెట్ తీసుకుని ట్రే వదిలేసి పోయారు. ఏడాది తిరిగేసరికి కంపెనీయే ఓడిపోయి, టేబుళ్లు తుడవడానికి మనుషులను పెట్టుకోమంది. ఆ పనికి వచ్చిన పిల్లలంతా ఏ వీధుల వాళ్లో మీకు చెప్పనక్కరలేదు. నేను మాత్రం మేనేజరుతో సహా అందరూ వంతులవారీగా టేబుళ్లు తుడవాలని నియమం పెట్టి, మొదటి వంతు నేనే తీసుకున్నాను. ధణి మొహం చిట్లించాడు గానీ ఊరుకున్నాడు. దానితో నా మనసు తేలికైందా అంటే, కాలేదు. ఆ పరీక్ష కాలంలో కంపెనీ నియమం తు.చ. తప్పకుండా పాటించిన బళ్లారి మనిషి ఒకే ఒక్కడు, ఆయన మా పెద్దనాయన.

ఆయన దగ్గరికి పోయి క్షమించమని అడగడానికి చాలాసార్లు ప్రయత్నించాను. పోయి కూర్చునేవాడిని. ఆయన వానల సంగతి, ప్లాంటు సంగతి, గుడి కప్పు కారే సంగతి మాట్లాడేవాడు. ఎక్కడా సందు ఇచ్చేవాడు కాదు. నా అంగడి ఎట్లా ఉందని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడాది కోతల పండుగ వచ్చింది. మా గుడిలో ఆ రోజు ప్రేమవిందు పెడతారు. ఆవరణలో చాపలు పరిచి, సంఘమంతా బంతిలో కూర్చుంటారు. అన్నం, మాంసం కూర, పప్పు. అందరూ తిన్నాక ఇస్తరాకులు ఎత్తేది సంఘపెద్దలు. మిషను కాలం నుంచి అదే వాడుక. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినాడు గదా అని చెప్పేవారు. చిన్నప్పటి నుంచి నా ఆకు ఎత్తింది పెద్దనాయనే. నాకు అది అలవాటైపోయి, ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆరోజు ఆయన గంప పట్టుకుని, నడుము వంచి, ఒక్కొక్క ఆకూ మడిచి వేసుకుంటూ వరస వెంట వస్తున్నాడు. నా ముందుకు రాగానే ఆకు మీద చెయ్యి పెట్టేశాను.

“వద్దు పెద్దనాయనా, నేను తీసుకుంటా. ఆపొద్దు నేను నిన్ను…” అంటూ ఆగిపోయాను.

ఆయన గంప కింద పెట్టాడు. పక్కనున్న వాళ్లకు వినపడకుండా వంగి, నా మణికట్టు పట్టుకుని ఆకు మీది నుంచి నా చెయ్యి మెల్లగా తీశాడు.

“ఉండనీప్పా,” అన్నాడు. “ఈడ నన్ను ఎవురూ ఎత్తమనలా.”

నా ఎంగిలాకు రెండు మడతలు పెట్టి గంపలో వేసుకుని, నా పక్కన కూర్చున్న మనిషి దగ్గరికి జరిగాడు.